మైనస్ ఇంటూ మైనస్

నాగవేణి ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ ఆయా. చిన్నప్పుడు ఎనిమిదో తరగతిలోనే బడి మాన్పించి పత్తి చేలకు పంపారు. టీచరు పోస్టుకు పెట్టుకోవాలంటే టెన్త్ కావాలని ఈమధ్య ఓపెన్ స్కూల్లో చేరింది. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి, లెక్కలు మాత్రం రెండుసార్లూ పోయాయి.

ట్యూషన్ చెప్పే సుధాకర్ సారు మంచివాడే. కానీ గది నిండా పిల్లలు. "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకయితాది సార్?" అని అడిగితే, "అది రూలమ్మా, రాసుకో" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆమె తలొంచుకుని రాసుకుంది.

భర్త తిరుపాల్ ఆదోని రూట్లో ఆటో నడుపుతాడు. ప్యాసింజరు ఒకాయన చూపిస్తే, అడిగినదానికి తెలుగులో జవాబు చెప్పే యాప్ ఫోన్లో వేయించుకొచ్చాడు.

"దీన్ని అడుగు. ఎన్నిమార్లడిగినా కోపం రాదంట."

నాగవేణి ఫోను నోటి దగ్గర పెట్టుకుని అదే ప్రశ్న అడిగింది.

"మీ నీళ్ల డ్రమ్ము కారుతోందనుకోండి," అంది ఫోను. "గంటకు రెండు బిందెలు తగ్గుతాయి. తగ్గడం మైనస్. ఇప్పుడు మూడు గంటలు వెనక్కి వెళ్దాం. వెనక్కి వెళ్లడమూ మైనస్. అప్పుడు డ్రమ్ములో నీళ్లు ఇప్పటికన్నా ఎక్కువా, తక్కువా?"

"అర్థం కాలే. మళ్లా సెప్పు."

విసుక్కోకుండా మళ్లీ చెప్పింది. నాగవేణి పెరట్లోని డ్రమ్ము వైపు చూస్తూ వేళ్లమీద లెక్కపెట్టింది.

"ఎక్కువే! ఆరు బిందెలు ఎక్కువుంటాయి!"

ఆ అరుపుకు తిరుపాల్ పరుగెత్తుకొచ్చినాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"ఇన్నేండ్లూ నాకు బుర్ర లేదనుకున్యా. ఎవురూ అడగనియ్యలే, అంతే."

అప్పట్నుంచి అంట్లు తోముతూ కూడా అడుగుతూనే ఉంది. ఒకసారి చుట్టుకొలత అడిగితే అది వైశాల్యం చెప్పింది. "సరిగా సూడు" అని ఆమే పట్టుకుంది. యాప్ తప్పు ఒప్పుకుని దిద్దుకుంది. ఆ పూట ఆమెకు తనమీద తనకే నమ్మకం కుదిరింది.

పరీక్ష ఆదోనిలో రాసింది, పాసయింది. ఎమ్మిగనూరు ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, సుధాకర్ సారుకు మిఠాయి పెట్టి, ఇంటికొచ్చి ఫోను చేతిలోకి తీసుకుంది.

"నీ మేలు మర్సిపోను."

తిరుపాల్ నవ్వినాడు. "దానికేం తెలుస్తాది మే, మనిషా?"

"తెలీకపోతే పోనీలే. నాకు తెలుసు గదా."