జీడికి పూసిన బూడిద

నేను ఒక యాంటీబాడీని. కంటికి కనిపించను గనుక నన్ను నమ్మడం మీకు కష్టమే. కనిపించనివాటికి భయపడటంలో మాత్రం మనుషులు గట్టివాళ్ళు.

నేను పుట్టింది ఒక గోధుమరంగు ఆడగుర్రం నెత్తుట్లో. చంపేసిన రేబిస్ వైరస్‌ను దానికి సూదితో ఎక్కించేవారు. ఆ వైరస్‌కు ఒంటినిండా ముళ్ళు. ఆ ముల్లు కొసను గట్టిగా పట్టుకునేలా గుర్రం నన్ను తయారుచేసింది. తర్వాత దాని నెత్తురు కొంత తీసి, శుద్ధిచేసి, నన్నూ నా తోటివాళ్ళనూ చిన్న సీసాలో పోశారు. సీసా మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో వేశారు. గుర్రం పేరు ఎవరూ అడగలేదు.

పలాస దగ్గర ఒక ఆసుపత్రి ఫ్రిజ్‌లో నాలుగు నెలలు చలికి ముడుచుకుని కూర్చున్నాక దాలమ్మ వచ్చింది. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే మనిషి. పనికి వెళ్తుంటే వీధికుక్క ఆమె చూపుడువేలు కొరికింది. ఇంట్లోవాళ్ళు దానిమీద కారం, సున్నం దట్టించి గుడ్డ కట్టారు. కుక్క కన్నా ఆ వైద్యమే ఎక్కువ మంట పెట్టి ఉంటుంది. నర్సు తులసి గుడ్డ విప్పి, కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగింది. భుజానికి టీకా వేసింది. తర్వాత నా సీసా తీసింది.

“ఇంకా ఏటి? బుజానికి ఏసేసినారు కదా,” అంటూ దాలమ్మ లేచింది.

“ఇది గాయంలోనే వెయ్యాలి, దాలమ్మా.”

“పుండులో సూదా! వద్దు సిస్టరమ్మా. ఏలు పాడైపోతే పిక్కలెవులు కొడతారు? నానెల్లిపోతాను.”

గుమ్మందాకా వెళ్ళిపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇలాగే వెళ్తే ఆమె బతకకపోవచ్చు. టీకా నేర్పే పాఠం ఒంటికి ఎక్కడానికి వారం పైనే పడుతుంది. వైరస్ అప్పటికే వేలిలో, నరాల పక్కనే ఉంది. నరం తన పనుల కోసం తలుపులకు గడియలు పెట్టుకుంటుంది. ఈ దొంగ తన ముల్లుతో ఆ గడియే తీస్తుంది. లోపలికి దూరిందంటే మెదడుదాకా అడ్డులేదు, అక్కడికి నేనూ వెళ్ళలేను.

తులసి కేకలెయ్యలేదు. “పిక్కలు కొట్టేముందు చేతులకి ఏం రాస్తావు?” అని అడిగింది.

“బూడిద. నేకపోతే పిక్కలోంచి కారే జీడి అంటుకుని తోలూడిపోద్ది.”

“ఇదీ బూడిదే అనుకో. ఆ పురుగు నరానికి అంటుకోకుండా.”

దాలమ్మ వెనక్కి వచ్చి, మొహం అటు తిప్పుకుని చెయ్యి చాపింది. నిజానికి తులసి మాటలో చిన్న పొరపాటుంది. నేను కమ్ముకునేది నరాన్ని కాదు, వైరస్‌నే; అంటే బూడిద పూసేది చేతికి కాదు, జీడికే. దిద్దాలనిపించలేదు.

సూది దిగగానే ఆమె వేసిన కేక వీధిదాకా వినిపించింది. మేం మాత్రం సద్దు లేకుండా దిగి, ముల్లు కనబడిన చోటల్లా దాని కొసను కమ్ముకుని కూర్చున్నాం. గడియ ఎదురుగానే ఉన్నా వైరస్‌కు అందలేదు. మా యుద్ధమంతా అంతే.

వారాలు గడిచేకొద్దీ మేం అరిగిపోయాం. దాలమ్మ ఒంట్లో పుట్టిన సొంత యాంటీబాడీలు కాపలాకు వచ్చాయి. నాకు బాధ లేదు. దాలమ్మను చూస్తేనే బాధేసేది. పిచ్చికుక్క కరిస్తే నీళ్ళంటే భయం పుడుతుందని ఎవరో చెప్పారట. రోజూ లేవగానే గ్లాసుడు నీళ్ళు ముందు పెట్టుకుని, భయమేస్తోందా లేదా అని వాటివంకే చూస్తూ కూర్చునేది. ఏం కాదు తల్లీ అని చెబుదామంటే ఆమెకు వినబడే గొంతు నాకు లేదు.

ఇరవై ఎనిమిదో రోజున ఆఖరి టీకా వేయించుకుని, ఎండలో నడిచి ఇంటికొచ్చింది. అప్పటికి నాలాంటివాళ్ళం ఏ కొద్దిమందిమో మిగిలాం. దాలమ్మ చెప్పులు విడవకుండానే కుండలో చెంబు ముంచి గటగటా తాగేసింది. భయమేస్తోందో లేదో చూసుకోవడం మరిచిపోయింది.