కస్టమర్ గుడ్డ

మీటరు చాలు, కాదు, మీటరుంపావు తీసుకోవాలి, చంకలో ఉన్న ఈ బుడంకాయ ఇంకా పెరుగుతుంది కదా, పెరుగుతుంది, ఆ మాట నేనే అనుకున్నానా, పెరుగుతుందట, బడికి పోతుందట, నాతో పోట్లాడుతుందట, పోట్లాడనీ, అడుగున మడత ఎక్కువ వదిలి కుడతాను, పొడుగయ్యే కొద్దీ విప్పుకోవచ్చు, ఆ పసుపురంగు గుడ్డ తాను దించండి, అది కాదు, పక్కది, చుక్కలున్నది, అంటే కొట్టాయన నిచ్చెన ఎక్కుతూ పొద్దున్నే మంచి హుషారు మీదున్నారే అన్నాడు, ఉండనా మరి, ఆసుపత్రి నుంచి ఈ బట్టల కొట్టు దాకా నడిచి వచ్చానో ఎగిరి వచ్చానో నాకే తెలియదు, దారిలో ఎవరో హారన్ కొట్టి తిట్టారు, తిట్టనీ, పాపకి లేదు, నా ఒంట్లో ఉన్న హెచ్ఐవి నా పాప ఒంట్లో లేదు, ఏడాదిన్నరగా చేస్తున్న పరీక్షల్లో ఇదే ఆఖరిది, ఇక లేదంటే లేదమ్మా అంది నర్సమ్మ, మళ్ళీ చెప్పండి అన్నాను, లేదమ్మా, ఇంకోసారి అన్నాను, ఆవిడ నవ్వేసి, సాయంత్రం దాకా అడిగినా ఇదే చెప్తాను, లేదు, అంది, ఆ మాట వింటూ అక్కడే కాపురం పెట్టేద్దామనిపించింది.

నేను కుట్టేవి పిల్లల గౌన్లే, కుట్టు హాల్లో తెల్లారి మొదలెడితే కళ్ళు లాగేదాకా అవే, బుట్ట చేతులు, కుచ్చుల అంచులు, కానీ నా పిల్లకి మాత్రం ఇన్నాళ్ళూ రెడీమేడే, పక్క మిషన్ వదిన ఊరుకుంటుందా, ఊరందరి పిల్లలకీ కుడతావు, నీ పిల్లని కొట్టువాడికి దత్తత ఇచ్చావా ఏంటే అని దెప్పేది, నవ్వి ఊరుకునేదాన్ని, సూది దిగి రక్తపు చుక్క గుడ్డ మీద పడితేనో అని భయం, అలా అంటుకోదని నర్సమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, బుర్రకి ఎక్కింది, చేతికి ఎక్కలేదు, పోనీ భయమొక్కటేనా అంటే అదీ కాదు, పనిలో చేరిన కొత్తలో మేస్త్రి నేర్పిన మొదటి పాఠం కత్తెర పట్టడం కాదు, కస్టమర్ గుడ్డ మీద మనసు పడకూడదమ్మాయ్, ఎంత బాగున్నా అది మనది కాదు, మరక పడకుండా, చిరగకుండా చూసి, గడువు రోజున ఎవరిది వాళ్ళకి అప్పజెప్పడమే మన పని, అన్నాడు, ఆ పాఠం తీసుకెళ్ళి నేను, దక్కుతుందో దక్కదో తెలియని కడుపులో పిల్ల మీద పెట్టాను, ఇంత తెలివితక్కువ పని కుట్టుపని వాళ్ళం తప్ప ఇంకెవరూ చేయరు.

కడుపుతో ఉన్నన్నాళ్ళూ గోడకేసి తిరిగి పడుకున్నాను, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న పంచాయితీ మా ఆయనకీ నాకూ మధ్య ఎప్పుడో తెగిపోయింది, ఆయన గోడలకి రంగులేసే మనిషి, పని నుంచి వచ్చి నా తలకి నూనె రాసేవాడు, గోడకి పుట్టీ పెట్టినట్టు పాయపాయకీ పట్టించి, రెండో కోటింగ్ కూడా వేయమంటావా అనేవాడు, నవ్వు రావాల్సిన చోటే, రాలేదు, మాత్రలు మాత్రం ఒక్క పూట మానలేదు, అది గడువు పని, మనసుతో పని లేదు, ఇది పుట్టాక బంగారంలా ఉందన్నారు, ఎవరి పిల్లనో చూసినట్టు చూశాను, నీ పాలే పట్టొచ్చు, నువ్వు మాత్రలు మానకు, పాపకిచ్చే మందు మానకు, అంతే, అన్నారు, పట్టాను, మొహం పక్కకి తిప్పుకుని, అదేమో నా కళ్ళలోకే చూసేది, ఒంటి మీద గీత పడనివ్వలేదు, ముద్దూ పెట్టలేదు, ఎంత జాగ్రత్త గల తల్లివమ్మా అనేవాళ్ళు, వాళ్ళ మాటలు బావిలో కూర్చుని విన్నట్టు ఎక్కడో పైన వినపడేవి, ఒక మధ్యాహ్నం దీన్ని ఆయన పక్కలో పడుకోబెట్టి, చెప్పులేసుకుని, ఎటన్నా వెళ్ళిపోదామని గుమ్మం దాటాను, పక్కింటావిడ ఎక్కడికమ్మా అంటే నోటికి ఏ ఊరూ రాలేదు, వెనక్కి వచ్చేశాను, ఇది ఎవరికీ చెప్పలేదు, పరీక్షలో లేదని తేలిన రోజున గుడ్డ నాదైపోతుంది, అన్నీ వాటంతట అవే పోతాయి, అనుకున్నాను.

అందుకే ఇందాక నర్సమ్మ, పాప సంగతి సరే, మరి నీ సంగతేంటి, నిద్ర పడుతోందా, ఎప్పుడూ నీ మొహంలో కనపడే ఆ దిగులు తగ్గిందా, మనసు బాగోని తల్లుల్ని చూసే డాక్టరమ్మ ఈ పూట ఇక్కడే ఉంటుంది, ఒకసారి కలువు, అంటే, నాకేంటండీ, గుండ్రాయిలా ఉన్నాను, ఇంకా దిగులేంటి, అనేసి ఒక్క పరుగున బయటపడ్డాను, బయట ఎండ, బండ్లు, జనం, అంతా నా కోసమే తెరిచి పెట్టినట్టుంది.

అమ్మా, మీ పాప, అంటున్నాడు కొట్టాయన, ఏమైందండీ, మీ పాప తాను కొరికేస్తోంది చూడండి, చూస్తే నిజమే, చుక్కల గుడ్డ సగం దాని నోట్లో ఉంది, లాలాజలం కారుతోంది, మీ పాప అన్నాడు, అవును నా పాపే, కొరకనీయండి, కొరికినంత మేరా కోయండి, అని, అందరి ముందూ దాని బుగ్గ మీద, మెడ మీద, తడి గడ్డం మీద ముద్దులు పెట్టాను, అది కితకితలకి కిలకిల నవ్వుతూ నా ముక్కు పట్టుకుంది, నాది, అప్పజెప్పక్కర్లేదు, ఏ గడువూ లేదు, ఇంత సంతోషం నా జన్మలో ఎరగను, అనుకుంటూనే ఉన్నాను, ఉన్నట్టుండి అదే బావి, అదే చల్లదనం, కొట్టాయన గొంతు ఎక్కడో పైకి పోయింది, ఈ రోజు కూడానా, ఇంకేం కావాలి నీకు అని నన్ను నేనే తిట్టుకున్నాను, పిల్ల నవ్వు చంకలోనే ఉంది, బావీ ఉంది, రెండూ ఉన్నాయి, అంటే ఈ దిగులు పాప రక్తంలో ఏముందో తేలడం కోసం కూర్చున్నది కాదు, తేలింది కదా అని లేచి పోదు, అది పాపం కాదు, పొగరు కాదు, పిల్ల మీద ప్రేమ లేక కాదు, జ్వరం లాంటిదే, జ్వరమొస్తే సిగ్గుపడి దాక్కుంటామా, ఎంత తేలికైన మాట, ఇన్నాళ్ళూ తట్టనే లేదు, నవ్వొచ్చింది, గట్టిగానే నవ్వాను, డాక్టరమ్మ ఇంకా వెళ్ళి ఉండదు, ఆ గుమ్మం సంగతి, ఆ చెప్పుల సంగతి కూడా చెప్పేస్తాను, గుడ్డ కోసి ఉంచండి, ఆసుపత్రి దాకా వెళ్ళొస్తాను, అంటే కొట్టాయన కత్తెర ఆపి, అయ్యో, ఎవరికమ్మా బాగోలేదు, పాపకా, అన్నాడు, పాప నిక్షేపంలా ఉందండీ, బాగోలేనిది వాళ్ళమ్మకి.