గరుడుడి నైవేద్యం

పక్షులకు తిండి పెట్టేటప్పుడు నోరు మెదపకూడదు. మొహం కనబడకుండా గుడ్డ కట్టుకోవాలి. చేప ముక్కను పట్టకారుతో అందించి, మారు మాట్లాడకుండా బయటికి రావాలి. బెంగళూరు అంచున ఉన్న ఆ పక్షుల సంరక్షణ కేంద్రంలో డాక్టర్ రాజగోపాల్ పెట్టిన రూలు అది. మనిషి గొంతుకూ తిండికీ ముడి పడిందంటే ఆ పక్షి ఇక ఆకాశానికి పనికిరాదని ఆయన వాదన. పిల్ల నోటికి ముద్ద అందిస్తూ పలకరించొద్దనే మనిషి ఏనాడూ ఎవరికీ ముద్ద పెట్టి ఉండడని మునిలక్ష్మి అభిప్రాయం. అక్కడ పనిలో చేరి తొమ్మిదేళ్లయినా ఆ అభిప్రాయం మారలేదు. పైకి మాత్రం "సరే సార్" అనేది.

రెండువేల ఒకటిలో వర్తూరు చెరువు దగ్గర లేఔట్ కోసం చెట్లు కొట్టినప్పుడు గరుడపక్షి పిల్ల ఒకటి గూటితో సహా కింద పడింది. రెక్క విరిగింది. కేంద్రానికి తెచ్చాక రెండు రోజులు చేప ముట్టలేదు. మూడో రోజు డాక్టరు పెదవి విరిచి వెళ్లిపోయాడు. మునిలక్ష్మికి ప్రాణం ఉసూరుమంది. మొహానికున్న గుడ్డ లాగేసి, పిల్ల ముందు చతికిలబడి, "తినప్పా, నా బంగారు కదా, ఒక్క ముక్క తినప్పా" అని బతిమాలింది. పిల్ల తల తిప్పి ఆమెను చూసింది. తర్వాత నోరు తెరిచింది.

ఆ రోజు నుంచి, ఎవరూ లేనప్పుడు, ఆమె మాటలకు అడ్డూ ఆపూ లేదు. మారెమ్మ జాతర కబుర్లు, ఇంటి ఓనరుతో నీళ్ల తగాదా, అన్నీ దానికే చెప్పుకునేది. రెండేళ్లలో రెక్క కుదురుకుంది. ఒళ్లు ఇటుక రంగు తేలింది, తలా రొమ్మూ తెల్లబడ్డాయి. కాలికి కేంద్రం గుర్తుగా రింగు తొడిగి వదిలిన రోజు అది చెరువు మీద మూడు చుట్లు తిరిగి కనుమరుగైతే డాక్టరు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. మునిలక్ష్మి గర్వంతో ఏడ్చింది. రూలు తప్పిన సంగతి ఆమెకు గుర్తుకు కూడా రాలేదు.

పన్నెండో రోజు డ్రైవర్ అశోక్‌కుమార్ కన్నడ పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, హెబ్బగోడి అవతల ఏదో చిన్న గుడిలో గరుడుడు దిగినాడంట. పూజారి భుజం మీద వాలినాడంట. జనం కిక్కిరిసి ఉండారు. కాలికి మన రింగు కనపడతా ఉండాది చూడు."

ఆమె పేపరు లాక్కుని ఫొటో చూసింది. అది మనిషిని చూసి దిగింది. మనిషి కనబడితే తిండి దొరుకుతుందని దానికి నేర్పింది ఎవరు?

ఉన్నపళంగా బస్సెక్కింది. గుడి ముందు రేకుల పందిరి కింద, పసుపు దారంతో గుంజకు కట్టి ఉంది పక్షి. తల మీద కుంకుమ. ఎదుట వెండి గిన్నెలో పాలు, పక్కన అరటిపండ్లు, నేతి పొంగలి. రొమ్ము ఎముక బయటికి పొడుచుకొచ్చింది. రెక్కలు వేలాడేసింది.

పూజారి ఆవులప్ప డెబ్బై ఏళ్ల మనిషి, మెత్తటివాడు. ఐదు రోజులుగా ఇంటికి పోకుండా పక్షికి విసనకర్రతో విసురుతున్నాడు.

"అప్పా, ఇది చేపలు తినే పక్షి. పాలు దీనికి అరగవు, చచ్చిపోతాది. నాకిచ్చేయండి" అంది మునిలక్ష్మి.

"గుడి ముందర నీసా తల్లీ? స్వామి వాహనానికా? నేను పిలవలేదు. తానుగా వచ్చి నా భుజం మీద కూర్చున్నాడు. యాభై ఏండ్ల పూజకు ఇప్పుడు పలికినాడు."

"స్వామి పంపలేదప్పా! నేనే మాటలు చెప్పి రెండేండ్లు పెంచినాను. మనిషిని చూస్తే దిగేది నేను నేర్పిన పాడు అలవాటు. తప్పు నాది."

తిడతారనుకుంది. తిట్టినా కొట్టినా పక్షి చేతికొస్తే చాలనుకుంది. ఆవులప్ప కళ్లు పెద్దవయ్యాయి. "స్వామిని సాకిన తల్లివా!" అంటూ ఆ ముసలాయన వంగి ఆమె పాదాలు తాకాడు. వెనకున్న ఆడవాళ్లు వరుస కట్టారు. ఎవరో మెడలో దండ వేశారు. దండతో నిలబడి ఆమె వెక్కివెక్కి ఏడుస్తుంటే అది భక్తి అనుకున్నారు. ఇంతమంది ప్రేమగా చూసుకుంటూ ఒక పక్షిని మాడుస్తున్నారని ఏ మాటల్లో చెప్పాలి ఆమె?

గుడి సందు చివరున్న ఫోన్ బూత్ నుంచి డాక్టరుకు రూలు తప్పిన సంగతితో సహా అంతా చెప్పింది. "ఫారెస్టు ఆర్డరు లేకుండా తాకితే గలాటా అవుతుందమ్మా. ఈ రోజు రెండో శనివారం, ఆఫీసుకు తాళం. సోమవారం పొద్దున్నే తెస్తాను" అన్నాడు ఆయన.

ఆదివారం రెండు జిలేబీ చేపలు కవరులో కట్టి, కొంగులో దాచుకుని మళ్లీ వెళ్లింది. పక్షికి రెండడుగుల దూరంలో ఉండగా ఎవరికో వాసన తగిలింది. ఒక్కరూ గొంతు పెంచలేదు. తిట్టినా కాస్త ఊరటగా ఉండేది. "స్వామిని సాకిన చేతులు కదమ్మా, పోయి తలస్నానం చేసి రా" అని నచ్చజెప్పి, గేటు దాకా నడిపించుకొచ్చి వదిలారు. ఆ చేపల్ని గేటు బయట కుక్కలు తిన్నాయి.

సోమవారం పదకొండు గంటలకు డాక్టరూ ఆమే ఆర్డరు కాగితంతో జీపు దిగారు. పందిరి కింద జనం లేరు. పక్షిని పసుపు గుడ్డలో చుట్టి పెట్టారు. డాక్టరు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరి మీద కోప్పడాలో ఆయనకూ తోచలేదు.

ఆవులప్ప మునిలక్ష్మిని చూసి లేవబోయి, లేవలేక, అక్కడే కూలబడ్డాడు.

"పొద్దున కూడా చెంచాతో పోసినాను తల్లీ. గుక్క గుక్కా మింగినాడు. నువ్వు సాకినదానివి, నీకు తెలుస్తాది. నిజం చెప్పు. నా దగ్గర ఆకలితో పోలేదు కదా?"

శనివారం చెప్పిన నిజం ఆయన చెవికెక్కలేదు. ఇప్పుడు చెబితే ఎక్కుతుంది. ఎక్కితే ఆయన బతికినన్నాళ్లూ నిద్రపోడు. శుక్రవారం దాకా హాయిగా నిద్రపోయిన తనకు, ఈ మూడు రోజులుగా అదెలా ఉంటుందో తెలుస్తోంది.

"లేదప్పా" అంది మునిలక్ష్మి. "కడుపు నిండే పోయినాడు."

ముసలాయన కళ్లు తుడుచుకుని, పసుపు గుడ్డ మూటను రెండు చేతులా ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాడు. అందులో బరువే లేదు.