లండన్ చాకు

సాన పట్టిన కత్తెరతో గుడ్డపేలిక కత్తిరించి చూశాడు భూషణం. మొన దాకా తెగింది. దాన్ని పక్కన పెట్టి, గ్రైండర్ ఆపి, నీళ్ల డబ్బాలో చేతులు ముంచాడు. కంపెనీ టూల్‌రూమ్‌లో పనిచేసిన నాటి నలుపు గోళ్ల చుట్టూ అలాగే ఉంది. ఏ సబ్బుకూ వదల్లేదు.

కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. ఆ స్థలంలో గోడౌన్లు లేచాయి. భూషణం మాత్రం అదే నాచారంలో చిన్న షట్టర్ అద్దెకు తీసుకుని, టైలర్ల కత్తెరలకూ మటన్ కొట్ల కత్తులకూ సాన పడుతున్నాడు. పిల్లల్లేరు. భార్య పోయాక ఉప్పల్‌లో ఒంటిగదిలో ఉంటున్నాడు. "ఎప్పటికి గావాలె?", "రేపు రా". ఒక్కోరోజు ఇంతకు మించి మాట్లాడకుండానే పొద్దుగూకేది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత పెడుతుంటే ఒకామె వచ్చి, బ్యాగులోంచి మడత చాకు తీసి ఇచ్చింది.

"సాన వద్దు పెద్దాయనా. ఇది ఎంత పాతదో, అసలుదో కాదో జర సూసి చెప్తరా? మా నాయిన పోయినంక నాకొచ్చింది. లండన్ చాకు, మా తాతకు దొర ఇచ్చిండని చెప్పెటోడు. మా అన్నేమో అంతా ఉత్తదే, నాయిన బతుకంతా కోతలే కోసిండంటడు."

భూషణం కళ్లజోడు పెట్టుకుని చాకు విప్పాడు. ఎక్కడా ముద్ర లేదు. బ్లేడు వీపు మీద ఒకచోట సరిగా అరగదీయని చిన్నచిన్న గుర్తులున్నాయి. బ్లేడు తిరిగే చోట రంధ్రం పెద్దదైతే, లోపల ఇత్తడి రింగు దిగ్గొట్టి సరిచేశారు. పిడికి కరెంటు ప్యానెళ్లకు వాడే గోధుమరంగు బేకలైటు. అతని బొటనవేలు ఆ ఇత్తడి మీదే ఆగిపోయింది.

"మీ నాయిన పేరేంది బిడ్డా?"

"కొమురెల్లి. నేను సంతోషి."

"ఎప్పుడు పోయిండు?"

"పోయిన నెల. పీర్జాదిగూడల మా ఇంట్లనే."

కంపెనీలో తనతో పనిచేసిన కొమురెల్లి, అది మూతపడ్డాక ఊరికి వెళ్లిపోయాడనే ఇన్నేళ్లూ అనుకున్నాడు భూషణం. తను రోజూ దిగే ఉప్పల్ దాటితే పీర్జాదిగూడే. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"లండన్‌ది కాదు బిడ్డా."

ఆమె ముఖం వాడిపోయింది. "అయితే మా అన్న చెప్పిందే నిజమన్నట్టు."

"జర ఆగు. ఇది ఇనుము గోసే మిషన్ రంపం బ్లేడు. ఇగో, అరగదీసిన రంపం పండ్ల గుర్తులు. ఇరిగిన ముక్కతోని నేనే చేసిన మీ నాయినకు. నువ్వప్పటికి పుట్టలే. కంపెనీల తుక్కు ముక్క బయటికి పోయినా నౌకరి పోతుండె. గేటు కాడ వాచ్‌మన్ పట్టుకున్నడు. మీ నాయిన నా పేరు చెప్పలే. 'మా నాయినది, దొర ఇచ్చిన లండన్ చాకు' అన్నడు. వాడు నవ్వి ఇడిసిపెట్టిండు."

"మరి ఇంట్ల గూడ గట్లనే ఎందుకు చెప్పిండు? కంపెనీ మూసినంక గూడ?"

"ఎవ్వలికీ చెప్పనని నాకు మాటిచ్చిండు." భూషణం చాకు ఆమెకు తిరిగిచ్చాడు. "పెండ్లాం పిల్లలకు గూడ చెప్పలేదని నాకు ఇప్పుడే ఎరుకైంది."

సంతోషి పైటతో కళ్లొత్తుకుంది. చాకు మడిచి బ్యాగులో పెట్టుకుంటూ, "ఐతారం మా అన్నను తోల్కొస్త. గీ ముచ్చట మీ నోటితోనే ఇనాలె వాడు. నాయిన కంపెనీల ఎట్లుంటుండెనో గూడ చెప్పాలె" అంది.

"రాండ్రి బిడ్డా. చెప్పేది మస్తుంది."

ఆమె వెళ్లాక గాని, అంతసేపూ ఆమె నిలబడే ఉందని అతనికి తట్టలేదు. కొట్లో ఉన్నది తను కూర్చునే స్టూలొక్కటే. కూర్చుని మాట్లాడేవాళ్లెవరూ ఎన్నడూ రాలేదు. ఆ సాయంత్రం ఆటో ఎక్కకుండా ఫర్నిచర్ కొట్టుకు నడిచాడు.

శనివారం ఉప్పల్‌లో, నల్లా నీళ్లు వచ్చినా భూషణం బయటికి రాలేదని ఇంటి యజమానురాలు రాములమ్మ తలుపు తట్టింది. ఎంత తట్టినా పలకలేదు. నిద్రలోనే పోయాడు. ఎవరికి ఫోన్ చేయాలో తెలియక, ఆమె నాచారంలో అతని కొట్టు దగ్గరికి మనిషిని పంపింది.

ఆదివారం సంతోషి, అన్న మహిపాల్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. షట్టర్ వేసి ఉంది. పక్కన టీ కొట్టు బాలరాజు సంగతి చెప్పి, ఇద్దరినీ తేరిపార చూశాడు.

"ఐతారం సుట్టాలొస్తరని ఒకటే సంబురపడ్డడు. మీరేనా?"

మారు తాళంచెవి తన దగ్గరే ఉండటంతో బాలరాజు షట్టర్ పైకి లేపాడు. లోపల, రోడ్డు వైపు తిరిగి, కవరు కూడా తీయని రెండు కొత్త ప్లాస్టిక్ కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి.