ఒక్క ఆంపియర్

ల్యాప్‌టాప్ ఆఖరి స్క్రూ ఎప్పుడూ రబ్బరు కాలి కిందే దాక్కుంటుంది. మిజ్బిల్ గోటితో రబ్బరును లేపి, పోకుండా బల్ల అంచుకు అతికించి, స్క్రూ తిప్పాడు. సందులో ప్లాస్టిక్ ముక్క దూర్చి చుట్టూ లాగితే క్లిప్పులు పటపటా ఊడాయి. లోపల దుమ్ము. ఇరాక్ దక్షిణాన ఈ బస్రాలో ఏ యంత్రాన్ని విప్పినా అదే పసుపు దుమ్ము, అదే ఉప్పు తుప్పు. బ్రష్షుతో దులిపాడు. దులిపినవాణ్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. బాగైన యంత్రం పట్టుకుపోయినవాడు మళ్లీ చెడిపోయేదాకా ఈ వీధి మొహం చూడడు.

అరవై దాటిన పొట్టి మనిషి. కళ్లద్దాలకు ఒక పక్క కాడ లేదు, దారం కట్టి చెవికి తగిలించుకుంటాడు. మధ్యాహ్నమయ్యేసరికి పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీలు ఒరుసుకుంటాయి. గుండె బలహీనంగా ఉంది, వేడికి దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడు. జూలైలో, బస్రాలో. మిజ్బిల్ సరేనని దుకాణానికి వచ్చేశాడు. అషార్ బజారు వెనక ఆ దుకాణంలో ఒక మనిషి, ఒక బల్ల, వీపు వెనక ఒక కూలర్ పడతాయి. ఆ కూలర్ తడి గడ్డి వాసనేసే గాలిని మెడ మీద ఊదుతున్నంతసేపే అతను మనిషి.

వీధిలో అందరూ అతన్ని అబూ గాయిబ్ అంటారు. పిల్లలు లేని మగవాణ్ని అలాగే పిలుస్తారు, రాని బిడ్డకు తండ్రి అని. మర్యాదగానే అంటారు. మర్యాద గుచ్చుకోదని ఎవరన్నారు?

అతను ఆ దుమ్ము యంత్రం మూత బిగిస్తుండగా రబాబ్ వచ్చింది. ఒళ్లంతా కప్పిన నల్ల అబాయా కింద నుంచి పుస్తకమంత ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది.

"చచ్చిపోయింది మామా."

"హాతెం ఇంటి సామాను ఈ బల్ల ఎక్కదు."

"ఇది హాతెంది కాదు, నాది. ఆయనతో మాట్లాడకపోతే మానెయ్. నాతో కూడా మానేస్తే నీ నోరు బూజుపడుతుంది."

హాతెం ఆమె తండ్రి. వీధి చివర జనరేటర్ నడుపుతాడు. ప్రభుత్వ కరెంటు పోగానే అందరికీ అతని తీగలే దిక్కు. ఎవరు ఎన్ని ఆంపియర్లు కొంటే అన్నే. మించి వాడితే హాతెం షెడ్డులోని బోర్డు మీద వాళ్ల బ్రేకర్ పడిపోతుంది. వెళ్లి అతన్ని అడిగి ఎత్తించుకోవాలి. ఇంజను ఆపేముందు లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించడం అతని పద్ధతి. అది చూసి వీధంతా సర్దుకుంటుంది.

రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం నూనె మార్చడానికి ఇంజను ఆపాడు. లైట్లు ఆర్పి వెలిగించలేదు. మరిచిపోయాడు. మిజ్బిల్ దుకాణంలో ఉన్నాడు. ఇంట్లో భార్య నజీహాకు ఊపిరి అందించే యంత్రం ఆగిపోయింది. మంచం పక్కనే ఆక్సిజన్ సిలిండర్ ఉంది. తెరిచే చెయ్యి లేదు.

తర్వాత హాతెం తరఫున పెద్దమనుషులు వచ్చారు. మిజ్బిల్ కాఫీ పెట్టాడు. అడిగింది ఇస్తానంటే తప్ప వాళ్లు కప్పు ముట్టరు. క్షమించమని అడిగారు. కాఫీ చల్లారింది. అతను కప్పులు లోపలికి పట్టుకుపోయి కడిగేశాడు. అప్పటినుంచి హాతెంతో ఒక్క మాట లేదు. ఆ వీధికి వేరే జనరేటర్ కూడా లేదు. ఇంటికున్న అయిదు ఆంపియర్లు వదులుకుని, దుకాణానికి ఒక్కటి ఉంచుకున్నాడు. ఎప్పుడైనా బ్రేకర్ పడితే పక్కనే చాయ్ అమ్మే ఫర్హూద్ వెళ్లి ఎత్తించేవాడు. ఈరోజు ఫర్హూద్ కొట్టు మూసి ఉంది. మేనత్త పోతే అమారా వెళ్లాడు.

కానీ రబాబ్ నజీహా దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్ల. ఆమె శవానికి ఆఖరి స్నానం పోసిన చేతుల్లో ఈ పిల్లవీ ఉన్నాయి. మిజ్బిల్ ల్యాప్‌టాప్‌ను తన వైపు లాక్కున్నాడు.

ఆమె చెప్పింది. బ్యాటరీ పావు వంతుకు ఎక్కి అక్కడే ఆగిపోతోంది. బ్యాటరీని నడిపే ఫర్మ్‌వేర్‌లో తప్పుంది, అప్‌డేట్ చేసుకోండని కంపెనీవాళ్లు పంపారు. అది మొదలవ్వాలంటే బ్యాటరీ సగం ఉండాలంది. ఈమె బలవంతంగా మొదలుపెట్టింది. ప్రభుత్వ కరెంటు పోయి జనరేటర్ అందుకునే రెప్పపాటులో తెర నల్లబడింది.

"బ్యాటరీ లేకుండా అప్‌డేట్ పెట్టమని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నా తెలివే."

బాగ్దాద్‌లో ఉద్యోగం వచ్చిందట. సొంత కంప్యూటర్ తెచ్చుకోవాలి. సాయంత్రం అసర్ నమాజు తర్వాత బస్సు. యంత్రం లేకుండా వెళితే ఆ ఉద్యోగానికి జాబితాలో తర్వాతి పేరు పిలుస్తారు.

"ఇక్కడ ఇచ్చానని మీ నాన్నకు చెప్పకు. చెప్పావని తెలిస్తే వీధిలోకి విసిరేస్తా."

"చెప్పను," అంది కూలర్ వైపు చూస్తూ.

ఆమె వెళ్లాక బ్యాటరీ ఊడదీశాడు. పవర్ మీట నొక్కి పట్టుకుని లోపల మిగిలిన కరెంటంతా పోనిచ్చాడు. పెన్‌డ్రైవ్‌లో పాత ఫర్మ్‌వేర్ ఎక్కించి, రెండు మీటలు కలిపి నొక్కి లేపాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చిన్న ఫ్యాను గురకపెట్టింది. ఇలాంటివి జీవితమంతా చేశాడు. ముందు రేడియోలు, తర్వాత టీవీలు, ఇప్పుడివి. సంతోషం అనిపించడం ఎప్పుడో మానేసింది.

బ్యాటరీకి బయటినుంచే తీగలు పెట్టి మెల్లగా ఛార్జి చేశాడు. సగం దాటాక లోపల అమర్చాడు. అప్పుడే ప్రభుత్వ కరెంటు పోయింది. వీధి చివర హాతెం ఇంజను దగ్గి అందుకుంది.

ఇక మిగిలింది అప్‌డేట్. కొత్త ఫర్మ్‌వేర్ రాత సాగుతున్నంతసేపు యంత్రం తన బ్యాటరీని తాను నమ్మదు, గోడ కరెంటు మీదే నిలబడాలి. ఒక్క ఆంపియర్‌లో కూలర్, ల్యాప్‌టాప్ రెండూ నడిస్తే బ్రేకర్ ఏ క్షణమైనా పడొచ్చు. పడితే ఈసారి యంత్రం లేవదు. పైగా హాతెం షెడ్డుకు వెళ్లి నిలబడాలి. ఈ రెండింటిలో ఏది పెద్ద నష్టమో అతను తేల్చుకోలేదు. కూలర్ ప్లగ్గు పీకి, కళ్లెదురుగా బల్ల మీద పెట్టాడు. అరచేతంత ఫ్యానొకటి ఉంది. దాన్ని ల్యాప్‌టాప్ వైపు తిప్పాడు. వేడెక్కితే బ్యాటరీ ఛార్జి పట్టదు.

అప్‌డేట్ మొదలైంది. తెర మీద గీత నత్తలా కదిలింది.

దుకాణంలో గాలి నిలిచిపోయింది. చెమట కారి, కాసేపటికి కారడం కూడా మానేసింది. సీసాలో నీళ్లు వేడిగా ఉన్నాయి. రెండు గుక్కలు తాగి వదిలేశాడు. ఎడమ చెయ్యి బరువెక్కింది. ఒళ్లో పెట్టుకున్నాడు, ఎవరిదో చెయ్యిలాగా.

మధ్యాహ్నం నమాజు తర్వాత హాతెం ఇంజను చల్లార్చుకోవడానికి కాసేపు ఆపుతాడు. అజాన్ వినిపించింది. నమాజు అయిపోయి జనం వెనక్కి వచ్చారు. గీత ఇంకా చివరికి రాలేదు. మిజ్బిల్ లైటు కేసి చూస్తూ కూర్చున్నాడు. లైటు ఆరి వెలగలేదు. ఇంజను ఆగలేదు.

"మరిచిపోయుంటాడు," అన్నాడు పైకే. "మరవడం వాడికి అలవాటే."

గీత నిండింది. తెర ఆరి, వెలిగింది. ఛార్జర్ పక్కన నారింజ చుక్క వచ్చింది. ఇంక చూడాల్సింది ఒకటే, పైదాకా ఎక్కుతుందా, మధ్యలో ఆగుతుందా. ఇప్పుడు బ్రేకర్ పడినా యంత్రానికి పోయేదేమీ లేదు. కానీ ఎత్తమని అడగాల్సింది హాతెంనే. ప్లగ్గు వైపు చూశాడు. ఇంకాసేపు ఆగుదామనుకున్నాడు. కళ్లద్దాల దారం చెవి నుంచి తప్పించి, కుడి మోచేతి మీద తల వాల్చాడు. అంకె కనబడేలా మొహం తెర వైపే పెట్టుకున్నాడు. అంకె ఎక్కుతోంది.

అసర్ అయ్యాక రబాబ్ సంచీతో వచ్చింది. తెర మీద బ్యాటరీ నిండి ఉంది. నారింజ చుక్క తెల్లగా మారింది.

"మామా, నీ చేతిలో మంత్రముంది," అంది. నిద్రపోతున్నాడనుకుని భుజం తట్టింది. సంచీ జారిపోయింది.

ఆమె తండ్రిని పిలుచుకొచ్చింది. రెండేళ్లలో హాతెం ఆ గడప తొక్కడం అదే మొదలు. చేతులకు ఇంజను నూనె. మిజ్బిల్ నుదుటి మీద చెయ్యి వేసి చూసి తీసేశాడు. తర్వాత బల్ల మీది ప్లగ్గు చూశాడు.

"కూలర్ ఎందుకు పీకాడు?" అన్నాడు. "పొద్దున ప్రభుత్వ కరెంటు ఉన్నప్పుడే ఈయన బ్రేకర్ మార్చేశానే. ఒకటి తీసి అయిదు ఆంపియర్లది పెట్టాను. ఇంజను కూడా ఆపలేదు."

"ఆయనకు తెలియదు నాన్నా. నీకు చెప్పానంటే విసిరేస్తానన్నాడు."

హాతెం నూనె చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. తానే వచ్చి మాట్లాడడానికి రెండేళ్లు దొరికాయి, పెద్దమనుషుల్ని పంపాడు.

శవాన్ని పాతిపెట్టడానికి పవిత్ర నగరం నజాఫ్ తీసుకెళ్లారు. పెట్టె మోసినవాళ్లలో హాతెం కూడా ఉన్నాడు. వద్దనే నోరు లేదు. మర్నాటి బస్సులో రబాబ్ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని బాగ్దాద్ వెళ్లింది. వెళ్లేసరికి తర్వాతి పేరు ఇంకా పిలవలేదు.

దుకాణానికి ఫర్హూద్ తాళం వేశాడు. గోడకున్న సాకెట్‌లో అయిదు ఆంపియర్లు. బల్ల మీద, కుర్చీలోంచి చెయ్యి చాపితే అందేంత దూరంలో, కూలర్ ప్లగ్గు.