పొలిమేర కట్టు

మిట్టమధ్యాహ్నం. పుప్పాలగూడలో ఆ కొత్త టవర్ల గేటు దగ్గర యాదయ్య పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాడు. కారు వస్తే బారు లేపాలి, సలాం కొట్టాలి, మళ్ళీ దించాలి. కుర్చీ ఉంది గానీ కూర్చుంటే జీతంలో కోత. వచ్చే పద్నాలుగు వేలల్లో సగం బాచుపల్లి అర్ర కిరాయికీ, బస్సులకీ సరి. సొంత ఊరికి కావలి కాయడానికి బస్సెక్కి రావడం! ఇంతకంటే సిగ్గుమాలిన బతుకు ఉంటుందా?

ఆయన నిలబడ్డ చోటే ఒకప్పుడు ఆయన ఇంటి వాకిలి ఉండేది.

పాత ఊరిని ముట్టనని, రాతి గోడలూ చెక్కిన దర్వాజలూ అలాగే ఉంచి చుట్టూ కడతానని బిల్డరు ఉదయ్ భాస్కర్ అందరి ముందూ మాటిచ్చాడు. ఇచ్చి, ఊరంతా ఎల్లమ్మ జాతరకు పోయిన పూట జేసీబీలు తోలాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి సందూ లేదు, ఇళ్ళూ లేవు. దర్వాజలు మాత్రం క్లబ్‌హౌస్ గోడలకెక్కాయి, అందానికి! యాదయ్య పెళ్ళాం మల్లవ్వ ఆ రాళ్ళ కుప్పల్లో తన రోలు కోసం వారం రోజులు వెతికింది. ఆ తర్వాత కిరాయి అర్రలో గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వానాకాలం దాటలేదు.

"గా బిల్డరుగాన్ని ఇడిసిపెట్టకు" అన్నది ఆమె చివరి మాట.

అలాంటిది, యాదయ్య ఆ భాస్కర్ గేటు దగ్గరే నౌకరీకి చేరితే ఊరివాళ్ళు ఉమ్మేశారు. ఆయన చేరింది ఆ గేటు లోపల ఇంకొకటి మిగిలి ఉందని. బొడ్రాయి. ఊరు పుట్టిననాడు నడిబొడ్డున పాతిన నల్లరాయి. దాన్ని పాతేదీ, ముట్టేదీ, దానికి పండగ చేసేదీ బైండ్లవాళ్ళే. ఆ ఊరి బైండ్ల యాదయ్యే.

ఆ మధ్యాహ్నం భాస్కర్ కారు ఆపి అద్దం దించాడు.

"యాదయ్యా, ఆదివారం బొడ్రాయిని తీసి క్లబ్‌హౌస్‌లో పెడుతున్నాం. అక్కడ పార్కింగ్ ర్యాంపు వస్తుంది. నీ దగ్గర ఏదో వాయిద్యం ఉందిగా, అది వాయించి పూజ చెయ్యి. ఫ్లాట్లు బుక్ చేసుకున్నవాళ్ళంతా వస్తున్నారు. హెరిటేజ్ అంటే పడి చస్తారు జనం."

"జమిడిక, సారు."

"అదే. పాతకాలంలో ఎలా చేశారో అలాగే ఉండాలి. ఒక్కటి కూడా తగ్గకూడదు."

"అన్నీ జెయ్యాల్నా? నడుమల ఆపద్దు మరి. బొడ్రాయి కాడ ఆపితే అరిష్టం."

"ఆపనయ్యా బాబూ! వీడియో కూడా తీయిస్తున్నాను. నువ్వెలా చెబితే అలా."

"నీళ్ళు పొయ్యనీకె ఊరోళ్ళు రావాలె."

"రమ్మను. బిందెలవీ ఉంటే ఫొటోలు బాగుంటాయి."

యాదయ్య సలాం కొట్టాడు. చాలా కాలానికి ఆయన కడుపు చల్లబడింది.

ఆదివారం షామియానా వేశారు. టవర్లలో ఇంకా ఎవరూ కాపురానికి దిగలేదు గనక ఫ్లాట్లు బుక్ చేసుకున్నవాళ్ళంతా చుట్టాల్లాంటివాళ్ళే. బాచుపల్లి నుంచి, మదీనాగూడ నుంచి, ఎక్కడెక్కడో చెదిరిన ఊరివాళ్ళంతా బిందెలతో దిగారు. అత్తవారిళ్ళ నుంచి ఆడబిడ్డలూ వచ్చారు. వెనక ఒక జేసీబీ బంతిపూల దండ వేసుకుని సిద్ధంగా ఉంది. దానికి దండొకటి!

నొసట పసుపుతో యాదయ్య జమిడిక వాయిస్తూ ఊరు పుట్టిన కథ పాడాడు. అతిథులు చప్పట్లు కొట్టారు. పాట ఆపి ఆయన జనం వైపు తిరిగాడు.

"ఇగ పొలిమేర కట్టాలె. కట్టు పడ్డంక ఊరోళ్ళు బయటికి పోవద్దు, బయటోళ్ళు లోపల ఉండద్దు. ఊరోళ్ళు కానోళ్ళందరు జర గేటు దాటుండ్రి."

"భలే! ఇది కూడా ఉందా?" అన్నాడు భాస్కర్. "రండి, రండి, బయటినుంచి చూద్దాం."

ఫ్లాటు బుక్ చేసుకున్న తెనాలి ముసలావిడ పుణ్యవతి అందరికంటే ముందు లేచింది. "ఎక్కడైనా పద్ధతి పద్ధతేనండి" అంటూ చెప్పులు వెతుక్కుంది.

"నీదే ఊరు తమ్మీ?" అని యాదయ్య జేసీబీ డ్రైవర్ని అడిగాడు.

"పాలమూరు, కాకా."

"మరి నువ్వు గూడ నడువు."

అతను తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. చివరికి భాస్కర్ మిగిలాడు.

"నేనూ వెళ్ళాలా?"

"మీది గీ ఊరేనా సారు?"

కెమెరా తన మీదే ఉంది. భాస్కర్ నవ్వు మొహం పెట్టుకుని గేటు దాటాడు.

యాదయ్య బారు దించి, ఇనుప గేటు మూసి తాళం వేశాడు. రోజూ చేసే పనే. పసుపు కుంకుమ కలిపిన అన్నం గోడ పొడవునా పొలి చల్లుకుంటూ చుట్టి వచ్చాడు. ఆడవాళ్ళు రాయి మీద బిందెలు గుమ్మరించారు.

"రాయి లేపుదమా?" అని అడిగాడు.

"లేపద్దు!" అందరూ ఒక్కసారే అన్నారు. ఉమ్మేసినవాళ్ళూ అన్నారు.

గేటు అవతల భాస్కర్ గడియారం చూసుకుంటున్నాడు. "అయిందా? జేసీబీ అతన్ని లోపలికి రానీ."

"కట్టు మీదున్నది సారు. దాటితే అరిష్టం."

"ఎప్పుడు విప్పుతావు?"

"కట్టినోనికే ఎరుక."

భాస్కర్ మొహం ఎర్రబడింది. "ఉద్యోగం పీకేస్తా! పోలీసుల్ని పిలుస్తా!"

"పిలువుండ్రి. ఒక్కటి గూడ తగ్గద్దన్నది మీరే. గిదంత వీడియోల వస్తున్నది." యాదయ్య గేటు దగ్గరికి వచ్చాడు. "మా మల్లవ్వ ఈడ్నే రోలు కోసం దేవులాడి దేవులాడి సచ్చిపోయింది. ఆ రోలు తెచ్చియ్యిండ్రి సారు. గప్పుడు విప్పుత."

రోలు ఎక్కడుందో భాస్కర్‌కు తెలుసు. టవర్ల పునాదిలో, కాంక్రీటు కింద.

"తెచ్చిచ్చెయ్యండి మరి" అంది వెనక నుంచి పుణ్యవతి. "అతను అడిగింది రోలేగా!"

ఎవరూ నవ్వలేదు. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. భాస్కర్ పక్కకు వెళ్ళి ఫోన్లో ఎవరి మీదో అరుస్తున్నాడు. లోపల ఆడవాళ్ళు మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేశారు. యాదయ్య సెక్యూరిటీ టోపీ తీసి బారుకు తగిలించి, బొడ్రాయికి ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున్నుంచీ ఆయన కూర్చోవడం అదే మొదలు. రోడ్డు మలుపులో పోలీసు జీపు మోత వినిపించింది. ఆయన జమిడిక అందుకుని, ఆపిన చోటి నుంచి పాట ఎత్తుకున్నాడు.