రెండో డబ్బా ఎవరికి

పాలు గోరువెచ్చనయ్యాయో లేదో చిటికెన వేలు ముంచి చూసుకుంటూ, రెండో చేత్తో ఆ రోజు వచ్చిన ఉత్తరాలు ఒక్కొక్కటే పక్కకి తీస్తున్నాను. ఈ ఇంట్లో సాయంత్రం నాలుగింటికి ఈ రెండు పనులూ కలిసే జరుగుతాయి. పెరుగు తోడు పెట్టడం, మిస్ ఫ్రీడాకి ఉత్తరాలు చదివి వినిపించడం. పెద్దావిడల్ని ఇక్కడ అలాగే మిస్ అంటారు. ఆవిడకి ఎనభయ్యో ఏడు నడుస్తోంది. చూపు మధ్యభాగం పోయింది, అంచుల్లో మాత్రం కొంచెం మిగిలింది. అందుకే ఏదైనా చూడాలంటే పిచ్చుకలా తల పక్కకి తిప్పుతుంది.

నేను అమెరికాలో అల్ఫారెట్టా అనే ఊళ్ళో ఆవిడ ఇంటి మేడ మీద గది అద్దెకి తీసుకుని మాస్టర్స్ చదువుతున్నాను. వాళ్ళు యూదులు, పాలూ మాంసం కలవనివ్వరు. వంటింట్లో పాల గిన్నెలు నీలం అలమరలో, మాంసం గిన్నెలు ఎర్ర అలమరలో ఉంటాయి. తోమే స్పాంజీలు కూడా ఆ రంగులవే. మడీ ఎంగిలీ చూసి పెరిగినదాన్ని కాబట్టి రెండు రోజుల్లో అలవాటైపోయింది.

"మా ఆలన్‌కి యాభై రెండేళ్ళు. వాడికి ఇప్పటికీ స్పాంజీ రంగు గుర్తుండదు," అంది మిస్ ఫ్రీడా ఒకసారి కొడుకు గురించి.

ఆ రోజు టపా అంతా ఎన్నికలదే. మొదటి కాగితం కాంగ్రెస్‌కి, అంటే ఇక్కడి పార్లమెంటుకి, పోటీ చేస్తున్న పియర్స్ అనే అభ్యర్థిది. మన డాలర్ మన దగ్గరే ఉండాలి, ఇజ్రాయెల్‌కైనా ఇంకెవరికైనా ఒక్కటి కూడా పోకూడదు అని. రెండోది ఆయన మీద పోటీ చేస్తున్న డాల్టన్‌ది. మిత్రదేశాలకి ఆయుధాలు ఆపే ప్రసక్తే లేదని. మూడోది ఎన్నికల ఆఫీస్ పంపిన సూచనలు. ఇంటికి వచ్చిన బ్యాలెట్ వద్దనుకుంటే దాన్ని తీసుకెళ్ళి ఓటింగ్ కేంద్రంలో ఇచ్చేసి అక్కడే ఓటు వేయవచ్చు, చూపు సరిగా లేనివాళ్ళకి పెద్ద అక్షరాల తెర ఉంటుంది.

"ఆ మూడోది మళ్ళీ చదువు," అంది. మళ్ళీ చదివాను.

అడుగున ఉన్న లావుపాటి కవర్‌లో ఆవిడ బ్యాలెట్ ఉంది, ఇంట్లోనే నింపి పంపే ఓటు కాగితం. దాన్ని బల్ల మీదే వదిలేసి చేతులు తుడుచుకున్నాను.

కారణం నా స్నేహితురాలు భవిత. జెర్సీ సిటీలో ఉద్యోగం చేస్తోంది, నాకు ఈ గది చూసిపెట్టింది తనే. ముందురోజు రాత్రి ఫోన్‌లో చెప్పాను, బ్యాలెట్లు వచ్చే రోజులని.

"ఒసేయ్, దాని జోలికి వెళ్ళకు. నువ్వు ఎఫ్‌-వన్ స్టూడెంట్ వీసా మీద ఉన్నావు, గుర్తుందా? వీళ్ళు ఇజ్రాయెల్ అన్నా పాలస్తీనా అన్నా నువ్వు ‘వెదర్ బాగుంది’ అను."

"ఇక్కడ వారం నుంచి వాన పడుతోందే."

"అయినా బాగుందనే అను. నీకు డిగ్రీ కావాలా, రాజకీయాలు కావాలా?"

డిగ్రీయే కావాలి. అందుకే ఆదివారం మిస్ ఫ్రీడా స్నేహితురాళ్ళు ముగ్గురు మాజాంగ్ అనే బిళ్ళల ఆట ఆడటానికి వచ్చినప్పుడు నేను టీ పెట్టి మూలన కూర్చున్నాను. ముగ్గురూ ఒకే ప్రార్థన మందిరానికి వెళ్ళేవాళ్ళు. ముగ్గురివీ మూడు దారులు.

"మా మనవడు హైఫాలో ఉన్నాడు. రేపు రాకెట్ పడితే పియర్స్ వెళ్ళి అడ్డం నిలబడతాడా?" అంది మొదటావిడ, బిళ్ళని బల్లకేసి కొట్టి.

"ఇజ్రాయెల్‌కి మన చెక్కులెందుకు ఇప్పుడు? డబ్బు తీసుకుంటే ఇచ్చినవాడి మాట వినాలి. తీసుకోవడం మానేస్తేనే వాళ్ళకి పరువు," అంది రెండో ఆవిడ.

"మా మనవరాలు మన బాంబులు పిల్లల మీద పడుతున్నాయంటుంది. పియర్స్‌కే వేస్తుందట. మూడు వారాలైంది, నాకు ఫోన్ చేయడం లేదు," అంది మూడో ఆవిడ.

"పాలపొడి సంగతేమిటి?" అంది మిస్ ఫ్రీడా.

"ఏ పాలపొడి?"

"ఆకలి ఉన్నచోటికి పంపే తిండి. అదీ ఆపేస్తాడా?"

"ఫ్రీడా, నీ వంతు. ఆడు."

మర్నాడు ఆవిడ ఇద్దరు అభ్యర్థుల ఆఫీసులకీ ఫోన్ చేయించింది. స్పీకర్ పెట్టాను. పియర్స్ ఆఫీస్‌లో కుర్రవాడు ఉత్సాహంగా, "ప్రతి డాలరూ ఆపేస్తాం మేడమ్, తిండైనా సరే," అన్నాడు. డాల్టన్ ఆఫీస్‌లో అమ్మాయి, "తిండి మీద మాకు పాలసీ ఏమీ లేదండీ. ఆయుధాలు మాత్రం ఆపం," అంది. రెండుసార్లూ ఆవిడ ఒకే రకంగా ఫోన్ పెట్టేసింది.

నేనప్పుడు నోరు తెరిచి మా నాన్న సంగతి చెప్పాను. ఒంగోలు అవతల మా ఊరి బళ్ళో ఆయన చదువుకునే రోజుల్లో మధ్యాహ్నం అమెరికా గోధుమరవ్వతో ఉప్మా వండి పెట్టేవారట. ఆకు తెచ్చుకోనివాడికి పలక మీద పెట్టేవారట. మిస్ ఫ్రీడా పడీ పడీ నవ్వింది. "అయితే మీ నాన్నా నేనూ ఒకే బంతిలో కూర్చున్నట్టే," అంది. బంతి అన్న మాట నాది. ఆవిడ బల్ల అంది.

ఎవరికి వేస్తుందో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

బుధవారం ఆలన్ వచ్చాడు. చూపు తగ్గినప్పటి నుంచి తల్లి బ్యాలెట్ నింపేది అతనే. ఆవిడ అభ్యర్థి పేరు చెబుతుంది, అతను ఆ పేరు పక్క గడి నల్లగా దిద్దుతాడు, కింద సాయం చేసినవాళ్ళ గడిలో సంతకం పెడతాడు. మంచి మనిషే. వస్తూ వస్తూ ఆవిడకి మందులూ, బల్బులూ తెచ్చాడు. వంటింట్లో కారుతున్న కుళాయి బిగించాడు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని కవర్ చించి పెన్ను మూత తీశాడు.

"మామ్, మొదటిది కాంగ్రెస్. ఇందులో ఆలోచించడానికేం లేదు. యూదుడన్నవాడు పియర్స్‌కి వేయడు."

"నాకు ఎనభై ఏళ్ళు. ఆలోచించనీ," అంది ఆవిడ.

నేను అతని వెనక సింక్ దగ్గర నీలం స్పాంజీతో గిన్నె తోముతున్నాను.

"నేను పుట్టింది యుద్ధం అయ్యాక, శరణార్థుల క్యాంపులో. మ్యూనిక్ దగ్గర," అని మొదలుపెట్టింది.

"తెలుసు మామ్. పాలపొడి డబ్బా."

"తెలిసిందే మళ్ళీ విను. మా అమ్మకి పాలు లేవు. అమెరికావాళ్ళు డబ్బా ఇచ్చారు. దాని మీద ఏ దేశం పిల్లకో రాసి లేదు. నేను బతికాను. ఒక వారం పొరపాటున రెండు డబ్బాలు వచ్చాయి..."

ఆవిడ కళ్ళు మూసుకుని చెబుతోంది. చూపు పోయాక అదో అలవాటు, పాత సంగతులు చెప్పేటప్పుడు ఆ మిగిలిన అంచుని కూడా మూసేస్తుంది. ఆలన్ తల ఊపుతున్నాడు. తల ఊపుతూనే కాగితం తనవైపు లాక్కున్నాడు. పెన్ను మొదటి వరసలో ఆగింది. చిన్నగా, గుండ్రంగా కదిలింది. ఆవిడ రెండో డబ్బా సంగతి ముగించేసరికి డాల్టన్ పేరు పక్కన గడి నల్లబడింది.

నాకు మా బడి గుర్తొచ్చింది. ఎన్నికలప్పుడు మా తరగతి గదే పోలింగ్ బూత్. నాయనమ్మకి శుక్లాలు. ఆవిడ చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళాను, ఏడో తరగతిలో. గుమ్మం దగ్గర మా వీధిలో ఉండే వీరభద్రం అడ్డం వచ్చి, "నువ్వుండు పిల్లా, అవ్వని నేను చూసుకుంటా," అని లోపలికి తీసుకెళ్ళాడు. బయటికొచ్చి, "అయిపోయిందిలే అవ్వా, మంచి గుర్తుకే వేశాను," అన్నాడు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది. గడప దాకా వచ్చి, "నువ్వు చూస్తానే ఉన్నావు గదటే," అంది నాతో. అంతే అంది.

గిన్నె సింక్‌లో పెట్టేశాను.

"ఆవిడ ఇంకా పేరు చెప్పలేదు," అన్నాను.

నా ఇంగ్లీషు నాకే కొత్తగా వినిపించింది. ఆలన్ వెనక్కి తిరిగాడు. "ఏమిటి?"

"మిస్ ఫ్రీడా ఇంకా పేరు చెప్పలేదు. మీరు దిద్దేశారు."

అతని ముఖం ఎర్రబడింది. "ఇది మా ఫ్యామిలీ విషయం. నీకు ఇక్కడ ఓటు లేదు."

"లేదు."

"నువ్వు వీసా మీద ఉన్నావు. అమెరికన్ ఎలక్షన్‌లో వేలు పెడితే ఏమవుతుందో తెలుసా?"

తెలుసు. సింక్ అంచు పట్టుకున్నాను. భవిత ఉంటే నా నోరు మూసేసేది. "నేను కాగితం ముట్టుకోలేదు. చూశాను. చూసిందే చెప్పాను. మళ్ళీ చెప్పమన్నా చెబుతాను," అన్నాను.

మిస్ ఫ్రీడా కళ్ళు తెరిచింది. చెయ్యి చాచింది. ఆలన్ కదలలేదు. ఆవిడ చెయ్యి అలాగే గాలిలో ఉంది. చివరికి అతనే కాగితం జరిపాడు. ఆవిడ దాన్ని చెవి దాకా తీసుకెళ్ళి, తల పక్కకి తిప్పి, భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"మామ్, నువ్వు చివరికి ఎలాగూ అదే చెప్పేదానివి. నీ మేలు కోసమే. మన వాళ్ళ కోసం."

"రెండో డబ్బా మా అమ్మ ఎవరికిచ్చింది?" అంది ఆవిడ.

"ఏమిటి?"

"ఇప్పుడే చెప్పాను కదా. ఎవరికిచ్చింది?"

అతను నా వైపు చూశాడు. నేను అతనికి అందించలేదు.

"మొదటి డబ్బా నీకు వందసార్లు చెప్పాను. రెండోది ఇవాళే మొదటిసారి చెప్పాను, నువ్వు పెన్ను తిప్పుతున్నప్పుడు," అంది. తర్వాత నాతో, "నువ్వు విన్నావా దేదీప్యా?"

"విన్నాను. కంచె అవతల ఒక జర్మన్ ఆవిడకిచ్చారు. ఆమెకీ చంటిబిడ్డ ఉంది. తర్వాత క్యాంపులో వాళ్ళు మీ అమ్మతో నెల్లాళ్ళు మాట్లాడలేదు."

ఆలన్ పెన్ను మూత పెట్టాడు. "అంటే ఏమిటి? పియర్స్‌కి వేస్తావా? అతను ఆ డబ్బా కూడా ఇవ్వనంటున్నాడే!"

"ఎవరికి వేస్తానన్నది నా సంగతి. డాల్టన్‌కే వేస్తానేమో. అయినా సరే, ఈ కాగితంతో వేయను," అంది.

లేచింది. బ్యాలెట్‌ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని జిప్ లాగింది. కొక్కేనికి తగిలించిన కోటు తడుముకుని తీసుకుంది. ఒక చెయ్యి దూర్చాక రెండోది దొరకలేదు, నేను పట్టుకోబోతే తల అడ్డంగా ఊపింది. తనే దొరకబుచ్చుకుంది. ముందస్తు ఓటింగ్ అప్పటికే మొదలైంది, ఓటు వేసే చోటు రెండు వీధుల అవతల లైబ్రరీలో.

"మామ్, వాన పడుతోంది. కార్‌లో తీసుకెళ్తాను. నువ్వే వేసుకో, నేను బయటే ఉంటాను. సరేనా?" ఆలన్ తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ కర్రా, గొడుగూ అందుకుంది. తలుపు తీసింది. తల పక్కకి తిప్పి మొదటి మెట్టు చూసుకుంది, గొడుగు విప్పింది, మెట్లు దిగి లైబ్రరీ వైపు నడిచి వెళ్ళిపోయింది.